ఎడమ మూల

అమూల్య బరువు డెబ్బై ఒకటా, డెబ్బై నాలుగా అన్న దాని మీద కోదాడలో ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడం మానేశారు. ఇద్దరిలో ఎవరూ అమూల్యను ఎదురుగా చూసినవాళ్లు కాదు. ఒకాయనకు చెప్పుల దుకాణం ఉంది. ఇంకొకాయన లారీ ఆఫీసులో గుమస్తా. ఈ సంగతి సూర్యాపేటలో తన వంటింట్లో కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరుతున్న కస్తూరికి ఎప్పటికప్పుడు తెలుస్తూనే ఉంది. అమూల్య ఆమె ఒక్కగానొక్క కూతురు.

తెలియడానికి కారణం ఆమె మరిది సుమంత్. అతను కోదాడలో సిమెంటు డీలరు దగ్గర పని చేస్తాడు, మిగిలిన టైమంతా ‘కోదాడ కబడ్డీ కోట’ అనే వాట్సాప్ గ్రూపు నడుపుతాడు. అందులో మూడు వందల పైచిలుకు జనం. వాళ్లలోకి అన్న సుదర్శన్‌ను కూడా చేర్చుదామనుకుని బియ్యం దుకాణం నంబరును చేర్చాడు. దుకాణం ఇంటి ముందుగదిలోనే ఉంటుంది. ఆర్డర్లు రాసుకునేది కస్తూరి కాబట్టి ఆ ఫోను ఆమె కొంగున్న చోటే ఉంటుంది. గ్రూపులో ఆ నంబరు పక్కన కనిపించేది ఒక బియ్యం బస్తా బొమ్మ. బస్తా చదువుతుందని ఎవరూ అనుకోరు.

అందుకే వాళ్లు దాపరికం లేకుండా రాసుకునేవారు. ‘భుజాలు సరే, తొడల సంగతేంది?’ ‘ఎత్తు అయిదు ఎనిమిదంట, అబద్ధం కాకపోతే.’ ‘గుడ్డు ముట్టని ఇంట్లనే గింత పెరిగితే, ముడితే ఎంత పెరిగేదో!’ కస్తూరి ఇవన్నీ చదివి, వాళ్ల అక్షరదోషాలు మనసులోనే దిద్దుకుని, మళ్లీ రాళ్లు ఏరుకునేది.

రెండేళ్ల కిందటి దాకా ఇవే మాటలు పెళ్లిళ్లలో వినేది. “ఏం పెడుతున్నవ్ కస్తూరీ పిల్లకు?” అని బంధువులు నవ్వుతూ అడిగేవాళ్లు. ఇప్పుడు అదే ప్రశ్న మగవాళ్లు, ముఖాలు గంభీరంగా పెట్టుకుని, గౌరవంగా అడుగుతున్నారు. పిల్ల మారలేదు. పిల్లను చూసే జనం మారారు.

అమూల్య కబడ్డీలో ఎడమ మూల ఆడుతుంది. ఆ ఆటలో పేరంతా కూతకు వెళ్లేవాళ్లది. ఫొటోలు వాళ్లవి, దండలు వాళ్లవి. మూలన నిలబడ్డవాళ్ల పని, లోపలికి వచ్చిన కూతపిల్ల కాలి మడమ అందుకుని వదలకుండా ఉండటం. పట్టుకుంటే ‘రైడర్ దొరికిపోయింది’ అంటారు. పట్టలేకపోతే మాత్రం ‘మూల వదిలేసింది’ అంటారు. కస్తూరికి ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. కూరలో ఉప్పు సరిపోయిన రోజు ఉప్పు మాట ఎత్తినవాళ్లను ఆమె తన కాపురంలో చూడలేదు.

అయితే పోయిన డిసెంబరులో ఒక వింత జరిగింది. ప్రైవేటు డిగ్రీ కాలేజీల ఆడపిల్లల ఫైనల్లో మిర్యాలగూడ మీద కోదాడ ఒక్క పాయింటుతో ఓడిపోయింది, అదీ ఎడమ మూలలోంచి. ఆ రాత్రితో కోదాడకు జ్ఞానోదయమైంది. అంతకుముందు రైడర్ల పేర్లు తప్ప తెలియనివాళ్లు కూడా ‘రైడర్లు వద్దు, మూల కావాలె’ అని రాయడం మొదలుపెట్టారు. కోదాడ వెతుకుతోందని తెలిశాక, తమకు అవసరం లేకపోయినా మిర్యాలగూడ కూడా వెతకడం మొదలుపెట్టింది. ఇంటర్ పూర్తి చేసి, జిల్లా జట్టులో మూలన నిలబడి ఎనిమిది మ్యాచుల్లో ముప్పై మడమలు పట్టిన పిల్ల రెండు ఊళ్లకూ ఇంచుమించు సమాన దూరంలో, సూర్యాపేటలో, బియ్యం బస్తాల మధ్య దొరికింది.

అమూల్య అడిగింది ఒక్కటే: “అమ్మా, నాకు బీఎస్సీ కావాలె. మ్యాథ్స్, కంప్యూటర్స్. ఆట ఆడుత. కానీ క్లాసులకు పోత.”

కస్తూరిది కూడా బీఎస్సీ మ్యాథ్సే, ఫస్టు క్లాసు. ఆ సర్టిఫికెట్టు బీరువాలో పై అరలో పట్టుచీరల కింద ఒక మూలన పడి ఇరవై రెండేళ్లయింది. చదివి కూడా మూలన పడటం ఒక ఎత్తు. చదవకుండానే, పేరుకు డిగ్రీ రాయించుకుని మూలన పడటం ఇంకొక ఎత్తు. ఆటపిల్లలను ఏదో ఒక గ్రూపులో రాసేసి మూడేళ్లూ గ్రౌండులోనే ఉంచుతారని ఆమె విని ఉంది. కూతురికి అది జరగకూడదని ఆమె పంతం. ఎవరితోనూ అనలేదు.

నాగేందర్ సార్ ఆదివారం పొద్దున్నే సుమంత్ బండి వెనక కూర్చుని వచ్చాడు. ఆయన కోదాడ కాలేజీలో ఆటల సారు. కాఫీ చేతికి వచ్చేలోపే అడిగాడు.

“బరువు ఎంతుంటదండి పాప?”

“కాంటా ఉన్నది కద ముంగటనే” అన్నాడు సుదర్శన్. తూకం విషయంలో ఆయన ఎవరి మాటా నమ్మడు, కన్నకూతురిదైనా సరే.

అమూల్య తనే వెళ్లి బస్తాల కాంటా మీద నిలబడింది. డెబ్బై మూడు కిలోల రెండు వందల గ్రాములు.

“చెప్పులతోని ఉన్నది. తరుగు తీసెయ్యాలె” అన్నాడు సుదర్శన్.

“వద్దండి, ఏం తియ్యకండి” అన్నాడు నాగేందర్ సార్ కంగారుగా. “ఉన్నది ఉన్నట్టు ఉండనియ్యండి. బిడ్డా, ఇగ చెప్పులు విడువు.”

ఆయన వంగి పాదాలు చూశాడు. ఇరవై రెండేళ్ల కింద తనను చూడవచ్చినవాళ్లు కూడా ఇట్లాగే పాదాలు చూడటం కస్తూరికి గుర్తొచ్చింది. చిన్నగా ఉన్నాయని వాళ్లు మురిసిపోయారు. ఈయన పెద్దగా ఉన్నాయని మురిసిపోతున్నాడు.

“సార్, బీఎస్సీ కంప్యూటర్స్‌కు ప్రాక్టికల్స్ ఏ రోజులల్ల ఉంటయి?” అని కస్తూరి అడిగింది.

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. “అటెండెన్స్ గురించి పరేషాన్ కావొద్దు మేడం. అది మేం చూసుకుంటం.”

“అటెండెన్స్ కాదు సార్. ప్రాక్టికల్స్.”

“అవి గూడ మేమే చూసుకుంటం మేడం.”

“చేసుకోవాల్సింది పిల్ల కద సార్?”

నాగేందర్ సార్ ఇది హాస్యమనుకుని చాలాసేపు నవ్వాడు. సుమంత్ కూడా నవ్వి, “మా వదినె డిగ్రీ చదివింది సార్” అని కారణం చెప్పాడు.

బుధవారం మిర్యాలగూడ వాళ్లు కారులో వచ్చారు. సుధీర్ అక్కడి కోచ్. వెంట భార్య సౌమ్యనూ, ఒక సంచి బత్తాయిలనూ తెచ్చాడు. ఆడపిల్లను అడగడానికి ఆడమనిషిని వెంటబెట్టుకుని రావాలన్న తెలివి ఆయనకు ఉంది.

“మా హాస్టల్‌ల రోజూ రెండు గుడ్లు మేడం” అన్నాడు.

సుదర్శన్ పైకప్పు వైపు చూశాడు. కస్తూరి మెల్లగా, “మేం తినమండి” అంది.

“అయితే పన్నీరు” అన్నాడు సుధీర్, ఊపిరి కూడా తీసుకోకుండా. “మేడం, ఇంకొక మాట. దోస్త్‌ల ఆప్షన్లు మీరు పెట్టే శ్రమ ఎందుకు? ఐడీ, పిన్ను ఇయ్యండి, మేమే పెట్టేస్తం.”

దోస్త్ అంటే డిగ్రీ సీట్ల కోసం సర్కారు పెట్టిన వెబ్‌సైటు. ఏ కాలేజీ, ఏ గ్రూపు కావాలో వరుసగా అందులో రాయాలి. గడువు రోజున ఎవరి పేరు మొదట ఉంటే వాళ్లదే పిల్ల. మిగతా ప్రమాణాలన్నీ నోటిమాటలే.

“మేమే పెట్టుకుంటం సార్” అని కస్తూరి లోపలికి వెళ్లింది. ఇంటికి వచ్చిన ముత్తైదువను ఉత్త చేతులతో పంపకూడదు కదా. బీరువా తీసి, రవిక గుడ్డల దొంతరలో చెయ్యి పెడితే వంకాయరంగుది ఒకటి వచ్చింది. నాలుగేళ్లుగా ఎవరికి పెడదామన్నా మనసొప్పక వెనక్కి వెళ్లిపోతున్న గుడ్డ అది. ఇవాళ దానికి రుణం తీరిందనుకుని, రెండు అరటిపండ్లూ తమలపాకులూ పళ్లెంలో పెట్టి తెచ్చింది. పళ్లెం అమూల్య పట్టుకుంది. కస్తూరి సౌమ్యకు బొట్టు పెట్టింది. సుధీర్ ఫోను తీసి, “ఒక్క ఫొటో మేడం, జ్ఞాపకానికి” అన్నాడు.

ఆ జ్ఞాపకం అరగంటలో మూడు ఊళ్లు తిరిగింది. మిర్యాలగూడ గ్రూపులో దాని కింద ‘ఎడమ మూల మనదే’ అని రాశారట. కోదాడ గ్రూపులోకి వచ్చేసరికి ‘తాంబూలాలు పుచ్చుకున్నరు’ అయింది.

సుమంత్ ఫోను చేశాడు. “వదినా, ఏం పని చేసినవ్?”

“ఏం చేసిన? ముత్తైదువ వస్తే బొట్టు పెట్టిన.”

“బొట్టు పెడితే పెట్టినవ్. వంకాయరంగు గుడ్డ ఎందుకు పెట్టినవ్?”

“ఏ, వంకాయకేమైంది?”

“వాళ్ల జెర్సీ రంగు వదినా అది! గీడ నా ఇజ్జత్ పోయింది. అడ్మిన్ ఇంటోళ్లే అమ్ముడుపోయిన్రని రాస్తున్నరు.”

కస్తూరి జవాబు ఆలోచించేలోపు అవతల ఫోను చేతులు మారింది. ఇప్పుడు సుమంత్ భార్య నిత్య. ఆమె గొంతు కబడ్డీ గొంతు కాదు.

“అక్కా, ఆ గుడ్డ మా గృహప్రవేశానికి నేను నీకు పెట్టిందే కదా?”

కస్తూరి ఆ గుడ్డను మనసులో మళ్లీ విప్పి చూసుకుంది. అంచు మీద వెండి చుక్కలు. నిజమే. గుడ్డ కోదాడదే.

ఆ సాయంత్రం నుంచి గ్రూపు భాష మారిపోయింది. మొన్నటి దాకా ‘గోడ’ అయిన పిల్ల ‘గోడౌను’ అయింది. ‘బరువుంటే ఏం లాభం, కదలాలె గదా.’ ‘కుడి మోకాలు పోయిందంట, నమ్మకమైన సమాచారం.’ ‘బియ్యం కొట్టోళ్లకు తూకం తెలుస్తది గని ఆటేం తెలుస్తది.’ బరువు మీద తగవుపడ్డ ఇద్దరు కూడా ఈ ఒక్క విషయంలో కలిసి వచ్చారు గానీ, ఒకరి కింద ఒకరు రాయలేదు.

అమూల్య తల్లి భుజం మీదుగా చదివింది. “నా మోకాలు పోయిందని వాళ్లకెట్ల తెలిసిందమ్మా?”

“పోయిందా?”

“లేదు.”

“అయితే తెల్వలే.”

అమూల్య నవ్వింది కానీ ఆ రాత్రి పెరుగన్నం రెండోసారి వడ్డించుకోలేదు. ఆ ఒక్కటీ కస్తూరి లెక్కలోకి తీసుకుంది.

శనివారం నాడు నిత్యను సముదాయించి వస్తానని చెప్పి, పట్టు అంచున్న కొత్త రవిక గుడ్డ ఒకటి సంచిలో వేసుకుని ఆమె ఒక్కతే కోదాడ బస్సెక్కింది. గుడ్డ పెట్టింది, రెండు మాటలు పడింది, టీ తాగింది. అక్కడి నుంచి ఆటోలో కాలేజీకి వెళ్లింది.

సెలవులు. వరండా ఊడుస్తున్న ఆయా సైదమ్మ చీపురు ఆపి, “ఎవరు కావాలమ్మా?” అంది.

“కంప్యూటర్ ల్యాబు ఎక్కడుంటదమ్మా?”

“ఇదిగో, ఇదే. తాళం నా దగ్గరే ఉంటది. చూస్తారా?” అని తీసింది. “దుమ్ము కూడా నేనే దులుపుతానమ్మా, వారం వారం.”

తొమ్మిది కంప్యూటర్లు, తొమ్మిదింటికీ గుడ్డ కవర్లు. ఒక్కో దాని మీద ఒక్కో కప్పు. కొన్ని కప్పులకు రిబ్బన్లు కూడా ఉన్నాయి.

“కబడ్డీ కప్పులమ్మా” అంది సైదమ్మ గర్వంగా. “ఆఫీసు రూములో చోటు చాలట్లేదని నాగేందర్ సారు ఇక్కడ పెట్టించారు.”

“మరి పిల్లలు ప్రాక్టికల్స్ ఎక్కడ చేస్తరు?”

సైదమ్మ కాసేపు ఆలోచించింది. అబద్ధం ఆడాలని కాదు, నిజంగానే జ్ఞాపకం చేసుకుంటోంది. “పరీక్షలప్పుడు కప్పులు కింద పెడతామమ్మా” అంది.

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరేసరికి మూడయింది. అక్కడి ల్యాబు తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల ఒక పడుచు లెక్చరరు పదిమంది పిల్లల వెనక తిరుగుతూ తప్పులు చూపిస్తోంది. గోడ మీద కాగితం: ప్రాక్టికల్స్, మంగళ, గురువారాలు, మూడు నుంచి అయిదు. పరీక్షలు దగ్గరపడ్డాయని ఇవాళ అదనంగా పెట్టారట.

“కబడ్డీ పిల్లలు ఈ గ్రూపుల ఉన్నరా మేడం?”

“లేరండి. వాళ్లందరినీ బీఏల రాస్తరు. నాలుగింటికల్లా గ్రౌండుల ఉండాలె కద.”

“ఆ రెండు రోజులు అయిదింటికి పోతే?”

లెక్చరరు ఆమెను కొత్తగా చూసింది. “నాకైతే సంతోషమే అండి. సారు ఒప్పుకోవాలె.”

సుధీర్ గ్రౌండులోనే దొరికాడు. కస్తూరి ఉన్న మాట చెప్పింది: పిల్ల మీ దగ్గరికే వస్తుంది, బీఎస్సీలో చేరుతుంది, మంగళ, గురువారాలు ప్రాక్టీసుకు అయిదింటికి వస్తుంది. ఆ సంగతి కాలేజీ కాగితం మీద రాసివ్వాలి.

“దానికేముంది మేడం, చూద్దాం” అన్నాడు సుధీర్. “వీలైతే తప్పకుండా.”

సూర్యాపేట వచ్చే దాకా బస్సులో ఆమె ఆ మాటనే తిరగేసి చూసుకుంది. ‘వీలైతే’ ఉన్న చోట ‘తప్పకుండా’ ఎట్లా ఉంటుంది? రెండింటిలో ఏదో ఒకటి అబద్ధం అయి తీరాలి. ఏదో ఆమెకు తెలుసు.

ఇంటికి వచ్చాక అమూల్యకు అంతా చెప్పింది. “రేపే ఫోను చేసి గట్టిగ అడుగుతా” అంది.

అమూల్య మరమరాలు తింటోంది. “రేపు కాదమ్మా. మూలకున్నోళ్లు ముందు ఉరకొద్దు. ఉరికితే రైడర్ తప్పుకుంటది. కాలు లోపలికి వచ్చేదాక కదలకుండ నిలబడాలె.”

“వచ్చినంక?”

“మడమ పట్టి, ఇగ ఇడవొద్దు.”

ఆప్షన్లకు గడువు సోమవారం సాయంత్రం అయిదు. ఆ పొద్దున తొమ్మిదిన్నరకు దుకాణం ఫోనుకు మెసేజ్ వచ్చింది: ఆప్షన్లు సేవ్ అయ్యాయని. కస్తూరి ఇంకా ఏమీ సేవ్ చేయలేదు. తెరిచి చూస్తే మొదట కోదాడ, బీఏ. పదిన్నరకు ఇంకొక మెసేజ్. ఈసారి మొదట మిర్యాలగూడ, బీఏ. పదకొండుకు మళ్లీ కోదాడ.

ఆమె ముందుగదిలోకి వెళ్లింది. సుదర్శన్ బస్తా కుట్టు విప్పుతున్నాడు.

“పిన్ను ఎవరికైనా ఇచ్చిన్రా?”

ఆయన దారం లాగడం ఆపలేదు. “పోయిన ఆదివారం నాగేందర్ సారు అడిగిండు. ఇంటికొచ్చిన మనిషి కద అని చీటీ మీద రాసిచ్చిన.”

“మరి సుధీర్‌కు?”

“నువ్వు రవిక గుడ్డ కోసం లోపలికి పోయినప్పుడు ఆయన గూడ అడిగిండు. ఒకరికిచ్చి ఒకరికి ఇయ్యకపోతే బాగుండదు కద.”

కొట్టుకు వచ్చినవాళ్లను లేదని పంపిన మనిషి కాదు. ఆ అలవాటుతోనే ఆయన దుకాణం నిలబడింది. కస్తూరి తిట్టలేదు. “ఇంకెవరన్న ఉన్నరా?” అని మాత్రం అడిగింది.

“దామరచర్ల నుంచి ఒకాయన ఫోన్ల అడిగిండు. మొఖం సూడనోళ్లకు ఎట్లిస్త?”

మధ్యాహ్నం దాకా మెసేజులు వస్తూనే ఉన్నాయి. కోదాడ వచ్చి తాకిపోయేది, మిర్యాలగూడ వచ్చి తాకిపోయేది. ఎవరు వచ్చినా బీఏనే. అమూల్య అన్నం తింటూ, ఫోను వైపు చూడకుండా, ప్రతి మెసేజుకూ వేలు మడిచి లెక్కబెట్టింది. తొమ్మిది. కస్తూరి చేతులు రెండుసార్లు ఫోను మీదికి వెళ్లాయి.

“ఇప్పుడే వద్దు” అంది అమూల్య. “ఇంకా టైం ఉన్నది.”

నాలుగూ పది నిమిషాలకు పదో మెసేజ్ వచ్చింది. మొదట కోదాడ.

“ఇగ పట్టమ్మా” అంది అమూల్య.

కస్తూరి పిన్ను మార్చింది. దానికి కావాల్సిన ఓటీపీ ఆమె చేతిలో ఉన్న ఫోనుకే వచ్చింది. ఇన్ని రోజులుగా ఆ పిల్లను పంచుకుంటున్న మూడు వందల మందికీ, ఇద్దరు కోచ్‌లకూ రానిది అదొక్కటే.

అయిదు నిమిషాలు గడవకముందే సుధీర్ ఫోను. “మేడం, లాగిన్ అయితలేదు. సర్వర్ ప్రాబ్లమా?”

“సర్వర్ మంచిగనే ఉన్నది సార్. పిన్ను మార్చిన.”

“ఇప్పుడు మొదట ఎవరున్నరు మేడం?”

“కోదాడ ఉన్నది సార్.”

అది నిజమే. ఆమె అబద్ధం ఆడలేదు.

“అట్లెట్ల మేడం? బొట్టు పెట్టిన్రు, పండు ఇచ్చిన్రు...”

“అది సౌమ్యగారికి సార్. కాలేజీకి కాదు. ఆ కాయితం పంపిస్తే మిమ్మల్నే మొదట పెడత. బీఎస్సీల. అయిదింటికి బంద్ అయితది.”

నాలుగున్నరకు కాలేజీ ముద్రతో కాగితం ఫొటో వచ్చింది. కస్తూరి కళ్లజోడు పెట్టుకుని చదివింది. ‘కుమారి అమూల్య మంగళ, గురువారములలో వీలైతే సాయంత్రం 5 గంటలకు ప్రాక్టీసుకు హాజరగుటకు అనుమతించడమైనది.’

ఫోను చేసింది. “సార్, అందుల ‘వీలైతే’ అని ఉన్నది. అది తీసెయ్యండి.”

“మేడం, టైం లేదు. ఆ ఒక్క మాటతోని ఏమైతది?”

“ఏం కాకపోతే తీసెయ్యొచ్చు కద సార్.”

నాలుగూ నలభై రెండుకు ఇంకో కాగితం. ‘వీలైతే’ పోయింది. దానితోపాటు గురువారం కూడా పోయింది. ఆమె మళ్లీ చేసింది.

“సార్, గురువారం.”

“కంగారుల పడిపోయింది మేడం.”

“పరవాలేదు సార్. నేను ఆగుత.”

సుదర్శన్ దుకాణం వదిలి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అమూల్య గోడకు ఆనుకుని కూర్చుంది. మరమరాల గిన్నె ఒడిలోనే ఉంది, ఆమె చెయ్యి అందులోకి పోవడం లేదు. కస్తూరి అది చూసింది, చూడలేదన్నట్టు గోడగడియారం వైపు తిరిగింది. కాగితం రాకపోతే బీఏ ఉంటుంది, అదీ కప్పుల మధ్య. తన మంకుతనానికి పిల్ల మూడేళ్లు పోతాయి. తప్పిపోతే ‘మూల వదిలేసింది’ అనేది ఈసారి తననే.

నాలుగూ యాభై ఒకటికి మూడో కాగితం వచ్చింది. మంగళ, గురువారములు. అయిదు గంటలు. అనుమతించడమైనది. ‘అమూల్య’లో వత్తు కిందికి జారింది కానీ, దాన్ని ఆమె వదిలేసింది. మొదటి వరుసలో మిర్యాలగూడ, బీఎస్సీ మ్యాథ్స్, కంప్యూటర్స్ అని ఎక్కించి, రెండుసార్లు చదివి, “నువ్వే నొక్కు” అని ఫోను అమూల్యకు ఇచ్చింది.

అమూల్య నొక్కింది. పదకొండో మెసేజ్ వచ్చింది. అప్పుడు సమయం నాలుగూ యాభై ఆరు.

“అమ్మా, నీ డిగ్రీ పుస్తకాలు ఉన్నయా?” అంది కాసేపటికి.

“అటక మీద ఉన్నయి. ఎలుకలు కొట్టకపోతే.”

“నేను తీస్త” అని స్టూలు తేవడానికి వెళ్లింది. సుదర్శన్ వెనక నుంచి, “చెక్క స్టూలు ఆగదు, ఇనుపది వేసుకో” అని గుర్తుచేశాడు.

రాత్రి భోజనాల వేళకు కబురు రెండు ఊళ్లకూ పాకింది. కోదాడలో ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. ‘బుధవారమే తాంబూలాలు అయిపోయినయి, ఇయ్యాలటిదంతా నాటకం’ అని తేల్చేశారు. పదిసార్లు మారిన ఆప్షన్లూ, మూడుసార్లు రాయించిన కాగితమూ ఎక్కడా లెక్కలోకి రాలేదు. వంకాయరంగు గుడ్డే సాక్ష్యం. మిర్యాలగూడలో సంబరం గంటసేపు నడిచిందట. తర్వాత మంగళ, గురువారాల సంగతి బయటికి పొక్కింది. అక్కడివాళ్లు రాసినవి సుమంత్ తెచ్చి తమ గ్రూపులో పెట్టాడు, పుండు మీద మందులాగ.

‘మూల ఖాళీ పెట్టి ల్యాబుకు పోతదంట.’

‘గసుంటి పిల్లను ఎందుకు తీసుకున్నట్టు?’

‘ఆడనీకె అనుకున్నదా కాలేజీ, సదువనీకె అనుకున్నదా?’

కస్తూరి ఈ చివరి ప్రశ్నను రెండుసార్లు చదివింది. జవాబు రాయాలనిపించింది కానీ రాయలేదు. వేలు పైకి జరుపుతూ పోతే కింద ఇంకొకటి కనిపించింది. లారీ ఆఫీసు గుమస్తా రాశాడు: ‘ఏదైనా, డెబ్బై నాలుగు కిలోల మూల చేజారింది.’ దాని కింద చెప్పుల దుకాణం ఆయన ఎవరి పేరూ ఎత్తకుండా, ‘డెబ్బై ఒకటి’ అని మాత్రం రాశాడు.

తప్పు లెక్క కళ్ల ముందు ఉంటే ఆమెకు నిద్ర పట్టదు. ఆ గ్రూపులో మొదటిసారి, బియ్యం బస్తా బొమ్మ పక్కన, ఆమె టైపు చేసింది:

‘డెబ్బై మూడు కిలోల రెండు వందల గ్రాములు. చెప్పులతో.’

సుమంత్ ఏదో టైపు చేస్తున్నట్టు కనిపించి ఆగిపోయాడు. ఎవరో ఒకాయన మాత్రం, పాత సోనా మసూరి ఉన్నదా అని అడిగాడు. ఉన్నదని కస్తూరి జవాబిచ్చింది.

అప్పుడు గుమస్తా రాశాడు: ‘నేను చెప్పలేదా? డెబ్బై నాలుగంటే డెబ్బై నాలుగే, అటూ ఇటుగా.’

చెప్పుల దుకాణం ఆయన ఇక ఆగలేకపోయాడు. ‘చెప్పులు తీసెయ్యన్నా. తీస్తే డెబ్బై ఒకటే.’

‘ఏందన్నా, రెండు కిలోల చెప్పులా?’

‘చెప్పుల సంగతి నాకు చెప్తున్నవా?’

ఆరు నెలల తర్వాత ఇద్దరూ మళ్లీ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కస్తూరి ఫోను ఛార్జింగుకు పెట్టి, అటక కింద రాలిన దుమ్ము ఊడవడానికి చీపురు అందుకుంది.